‘కొత్త సువార్త దొరికింది’ అని రాసేటప్పుడు ఎలా గుర్తుపట్టారో కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఈజిప్టులోనో ఇజ్రాయెల్‌లోనో ఒక పాత ముక్క బయటపడిందనీ, అందులో బైబిల్‌లో లేని యేసు కథో, హనోకు గ్రంథమో (హనోకు పేరుతో ఉన్న పాత యూదు గ్రంథం) ఉందనీ మన తెలుగు పత్రికల్లో, చానళ్లలో అడపాదడపా వార్తలు వస్తూనే ఉంటాయి. శీర్షికలో ‘రహస్యం’ అనే మాట తప్పనిసరిగా ఉంటుంది. ఆ ముక్క ఎంతుంది, దాని మీద ఎన్ని అక్షరాలు నిలిచాయి, అది ఫలానా గ్రంథమని ఎలా తేల్చారు అనే మూడు సంగతులు మాత్రం ఉండవు. సాయంత్రానికి ఆ వార్త వాట్సాప్‌లోకి వెళ్తుంది, ఆదివారానికి చర్చి గుమ్మం దగ్గర వాదనగా మారుతుంది. ఆ మూడు సంగతులు రాస్తే సగం వాదనలు పుట్టవు. అవి ఎందుకంత ముఖ్యమో వివరించడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా చదవమని మనవి.

సరిగ్గా జరిగిన గుర్తింపుతో మొదలుపెడతాం. జర్మనీలో హాంబర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1011 నంబరు గ్రీకు పాపిరస్ (జమ్ము కాడతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఒకటి ఉంది. సుమారు 11 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్లు. 13 పంక్తులు, పంక్తికి నిలిచినవి సుమారు పదేసి అక్షరాలు. రాత వికారంగా, వంకరగా ఉండటంతో ఏదో ఇంటి ఉత్తరమో సరుకుల చీటీయో అనుకుని దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. లాయోష్ బెర్కెష్, గాబ్రియేల్ నొక్కి మసేదో అనే ఇద్దరు పండితులు అందులో ‘యేసు’ అనే పేరు చూసి ఆగారు. అప్పుడు ఒక్కో అక్షరం విడదీసి చదివి, కంప్యూటర్లలో ఎక్కించిన ఇతర పాపిరస్‌లతో, గ్రంథాలతో పోల్చారు. అది తోమా రాసినట్టు చెప్పే బాల్య సువార్త అనీ, అయిదేళ్ల యేసు విశ్రాంతిదినాన మట్టితో పిచ్చుకలు చేసి వాటికి ప్రాణం పోసిన కథ ఆరంభం అందులో ఉందనీ 2024 జూన్‌లో ప్రకటించారు. ముక్క 4 లేదా 5వ శతాబ్దానిది. అంతకుముందు ఈ కథకు దొరికిన అతి పాత గ్రీకు ప్రతి 11వ శతాబ్దానిది. ఇక్కడ ‘గ్రీకు’ అనే మాట వదిలేస్తే వార్త తప్పవుతుంది. ఎందుకంటే సిరియాక్ భాషలో 6వ శతాబ్దం నాటి ప్రతులు ముందే ఉన్నాయి. కథ కూడా కొత్తది కాదు. మట్టితో పక్షి రూపం చేసి ఊదితే ప్రాణం వచ్చిన సంగతి ఖురాన్‌లో రెండు చోట్ల (3:49, 5:110) ఉంది కనుక పాతబస్తీలో చాలామందికి ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన విషయమే. దొరికింది కొత్త కథ అనడం సరికాదు. తెలిసిన కథకు గ్రీకులో అంతకంటే పాత సాక్ష్యం దొరికింది. ఇది తక్కువ విషయమేమీ కాదు.

ఆ గుర్తింపును మేం నమ్మడానికి కారణం దాని కొలత. 13 పంక్తులు వరుసగా ఉన్నాయి. గ్రంథంలోని పాఠాన్ని ఇంచుమించు ఒకే వెడల్పు పంక్తులుగా పరిస్తే మిగిలిన అక్షరాలన్నీ వాటి వాటి చోట్లలోనే కూర్చుంటున్నాయి. మనకు పద్యం తెలుసు కనుక ఇది సులువుగానే అర్థమవుతుంది. చివికిన తాటాకు మీద ఉత్పలమాల సగమే మిగిలితే, పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస అనే లెక్కతో పోయిన భాగం ఎంతో, అందులో ఏ అక్షరం ఎక్కడ ఉండి తీరాలో చెప్పగలం. వచన గ్రంథానికి ఛందస్సు ఉండదు. కానీ లేఖకుడు ఒక నిలువు పట్టీలో ఇంచుమించు ఒకే వెడల్పుతో రాస్తాడు. ఆ వెడల్పే అక్కడ ఛందస్సు పని చేస్తుంది. రెండో పంక్తిలోని అక్షరాల నుంచి మూడో పంక్తిలోని అక్షరాలకు మూల పాఠంలో 22 అక్షరాల దూరం ఉంటే, మూడు నుంచి నాలుగుకూ దాదాపు అంతే ఉండాలి. ఒక చోట 22, మరో చోట 31 వచ్చిందంటే గుర్తింపు తప్పన్నా కావాలి, ఆ ప్రతిలో పాఠం వేరేగా అన్నా ఉండాలి. రెండోది అంటున్నవాళ్లు దానికి వేరే రుజువు చూపించాలి.

వెతికే పద్ధతి గురించి కొంచెం. మొట్టమొదట ఊహ పనికిరాదు. కనపడింది కనపడినట్టు రాసుకోవాలి. నిస్సందేహంగా చదవగలిగిన అక్షరం మామూలుగా, అనుమానం ఉన్న అక్షరం కింద చుక్క పెట్టి, పోయిన భాగం చదరపు కుండలీకరణాల్లో. 1931లో లైడెన్‌లో పండితులు ఒప్పుకున్న ఈ పద్ధతినే ఇప్పటికీ అందరూ పాటిస్తారు. ఒక వార్తలో ‘ఈ వాక్యం ఉంది’ అని రాసినప్పుడు ఆ వాక్యంలో ఎంత భాగం ముక్క మీద ఉంది, ఎంత భాగం కుండలీకరణాల లోపలిది అన్నదే అసలు ప్రశ్న. చాలాసార్లు పెద్ద భాగం లోపలిదే అయి ఉంటుంది.

తర్వాత అరుదైన అక్షరాల గుంపును పట్టుకుని వెతకాలి. పాత గ్రీకు రాతలో పదాల మధ్య ఖాళీలు ఉండవు. కనుక పదం కోసం వెతికితే దొరకదు, అక్షరాల వరస కోసం వెతకాలి. ‘కై’ (మరియు), ‘ఎయిపెన్’ (చెప్పెను) లాంటివి ఎన్ని దొరికినా ఉపయోగం లేదు, అవి లేని పుస్తకమే లేదు. పిచ్చుకల కథ ముక్కలో పని చేసినవి కూత, కొమ్మ లాంటి అర్థాలున్న మాటలు. సరుకుల చీటీలో అలాంటివి ఎందుకుంటాయి? కాలిఫోర్నియాలో 1972లో మొదలైన గ్రీకు సాహిత్య భాండాగారం ‘థెసారస్ లింగ్వే గ్రేకే’లో ఇలాంటి వెతుకులాట క్షణాల్లో అవుతుంది. ఒక్కో పంక్తిలో నాలుగైదు అక్షరాలు, మధ్యలో 15 నుంచి 25 అక్షరాల ఖాళీ అని చెప్పి మూడు పంక్తులు కలిపి వెతకాలి. ఒక్క పంక్తిని ఇస్తే వందల ఫలితాలు వస్తాయి, మూడింటినీ కలిపిస్తే ఒకటో రెండో మిగులుతాయి.

ఏమీ దొరకకపోతే ఆ గ్రంథం కొత్తదని ఎగిరి గంతేయకూడదు. ఎక్కువసార్లు అడ్డం వచ్చేది అక్షరదోషం. రోమన్ కాలపు ఈజిప్టులో గ్రీకు అచ్చుల పలుకు కలిసిపోయింది. ‘ఎయి’, ‘ఇ’ ఒకటే అయిపోయాయి, పొడుగు ‘ఓ’కు పొట్టి ‘ఒ’ రాసేవారు. హాంబర్గ్ ముక్క రాత నేర్చుకునేవాడిదని పండితుల అభిప్రాయం, అలాంటి రాతలో ఇవి మరీ ఎక్కువ. అందుకని ప్రతి అచ్చుకూ ప్రత్యామ్నాయాలు ఇచ్చి మళ్లీ వెతకాలి. రెండో సంగతి, పవిత్ర నామాల కుదింపు. క్రైస్తవ లేఖకులు యేసు, దేవుడు, ప్రభువు వంటి పేర్లను రెండు మూడు అక్షరాలకు కుదించి పైన అడ్డగీత గీస్తారు. పూర్తి పేరు కోసం వెతికేవాడికి ఆ రెండక్షరాలు కంటబడవు, పైగా లెక్క తప్పుతుంది. ఆ గీత కనిపిస్తే రాసినవాడు క్రైస్తవుడని దాదాపుగా చెప్పవచ్చు, రాసింది సువార్త అని మాత్రం చెప్పలేం. ఉత్తరాల్లో, తాయెత్తుల్లో కూడా ఆ గీతలు ఉన్నాయి.

ఇప్పుడు తప్పిన గుర్తింపు సంగతి. మృత సముద్రం పక్కన కుమ్రాన్ ఏడో గుహలో దొరికిన అయిదో ముక్క, పండితులు 7క్యూ5 అంటారు. బొటనవేలి మీద పట్టేంత ఉంటుంది. అయిదు పంక్తుల ఆనవాళ్లు, మొత్తం ఇరవై అక్షరాలు, అందులో ఎవరూ కాదనలేనివి సగమే. పూర్తిగా మిగిలిన పదం ఒక్కటి, అది ‘కై’. 1972లో స్పెయిన్ పండితుడు హొసే ఓకల్లహన్ ఇది మార్కు సువార్త 6వ అధ్యాయం 52, 53 వచనాలని అన్నారు. నిజమైతే అంతకంటే గొప్ప వార్త ఉండదు. కానీ అది కుదరాలంటే గ్రీకు అక్షరం ‘డెల్టా’ (ద) ఉండాల్సిన చోట ‘తౌ’ (త) ఉందని ఒప్పుకోవాలి, పంక్తి వెడల్పు సరిపోవడానికి ‘ఒడ్డుకు’ అని చెప్పే మూడు పదాలు ఈ ప్రతిలో లేవనుకోవాలి, అనుమానాస్పదమైన ఒక అక్షరాన్ని ‘ను’ (న)గా చదవాలి. ఇరవై అక్షరాల ముక్కకు మూడు మినహాయింపులు! నాలుగో పంక్తిలోని అక్షరాల్లో ఆయన ‘గెన్నేసరెతు’ అనే ఊరి పేరు చూశారు. మొదటి సంపాదకులు అక్కడే ‘కనెను’ అనే క్రియ ఉండవచ్చని, అంటే ఏదో వంశావళి కావచ్చని సూచించి ఊరుకున్నారు. ఇంత తక్కువ అక్షరాలకు, ఇన్ని సడలింపులు ఇస్తే, చాలా గ్రంథాలు సరిపోతాయి. అదే గుహలోని మరికొన్ని చిన్న ముక్కలను కొందరు పండితులు హనోకు గ్రంథపు గ్రీకు అనువాదంగా గుర్తించారు. అందులో మూడింటిని పాపిరస్ పీచు వరసలు కలిపి పక్కపక్కన అమర్చి చూపించారు. దానినీ అందరూ ఒప్పుకోలేదు. కానీ పద్ధతి సరైనది, అక్షరాల సాక్ష్యానికి వస్తువు సాక్ష్యం తోడు తెచ్చారు.

ఈ వస్తువు సాక్ష్యం గురించి పత్రికల్లో ఒక్క మాట కూడా రాదు, అదే మాకు బాధ. పాపిరస్ అంటే ఒక రకం జమ్ము కాడను చీల్చి, అడ్డంగా ఒక పొర, నిలువుగా ఒక పొర పరిచి నొక్కినది. గ్రంథపు చుట్టలో మామూలుగా పీచు అడ్డంగా పోయే వైపు రాస్తారు, వెనక ఖాళీ. మన పుస్తకంలా కుట్టిన కోడెక్స్‌లో రెండు వైపులా రాస్తారు. కనుక వెనక వైపు ఏముందో చెప్పకుండా ముక్క గురించి చెప్పడం సగం చెప్పడమే. ముందు వైపు పాఠం, వెనక వైపు పాఠం ఒకే గ్రంథంలో సరైన దూరంలో దొరికితే ఆ గుర్తింపు దాదాపు ఖాయం. ఆ దూరం నుంచి పేజీ ఎత్తు, పేజీకి ఎన్ని పంక్తులు, మొత్తం పుస్తకం ఎంత ఉండేది అనేవీ లెక్క కట్టవచ్చు.

ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే పాత పట్టణపు చెత్తకుప్పల్లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇంగ్లిష్ పండితులు 1897లో తవ్వి తీసి అచ్చువేసిన మొదటి ముక్కే ఇందుకు మంచి ఉదాహరణ. పైన పేజీ సంఖ్య 11 ఉంది కనుక ముందు ఇంకో పది పేజీలు ఉండేవని తెలిసింది. ‘యేసు చెప్పెను’ అని మొదలయ్యే వాక్యాలు వరుసగా ఉన్నాయి. 1904లో మరో రెండు ముక్కలు (654, 655) అచ్చయ్యాయి. ఒకటి భూమి కొలతల పాత జాబితా వెనక రాసింది, మరొకటి చుట్ట. మూడూ మూడు వేర్వేరు ప్రతులు. 654లో తోమా పేరు కూడా ఉంది. అయినా అది ఏ గ్రంథమో వాళ్లు తేల్చలేకపోయారు, తేల్చడానికి పోల్చుకునే పూర్తి ప్రతి లేదు. 1945లో ఈజిప్టులోనే నాగ్ హమ్మది దగ్గర కోప్టిక్ (ప్రాచీన ఈజిప్టు భాష చివరి రూపం) భాషలో తోమా సువార్త (పైన చెప్పిన బాల్య సువార్త వేరు, ఇది వేరు) మొత్తంగా దొరికాక, 1950ల్లో ఆన్రీ షార్ల్ ప్యూష్ ఈ మూడూ దాని గ్రీకు ముక్కలేనని గుర్తించారు. మొదటి ముక్క అచ్చయినప్పటి నుంచి చూస్తే అర్ధశతాబ్దం దాటింది. అప్పుడు కూడా అంతా అతికినట్టు సరిపోలేదు. గ్రీకులో 30వ వాక్యంతో కలిసి ఉన్న మాట కోప్టిక్‌లో 77వ వాక్యంలో ఉంది. ‘ఇది ఆ గ్రంథమే’ అనడానికీ ‘ఇది ఆ గ్రంథపు మరో రూపం’ అనడానికీ ఉన్న తేడాను వార్తల్లో చూపించాలి.

పోల్చాల్సిన పూర్తి గ్రంథం వేరే భాషలో ఉంటే కష్టం రెట్టింపవుతుంది. హనోకు గ్రంథం పూర్తిగా మిగిలింది ఇథియోపియా క్రైస్తవుల గీజ్ భాషలోనే. అది గ్రీకు నుంచి వచ్చింది, గ్రీకు అరామిక్ నుంచి వచ్చింది. కుమ్రాన్ నాలుగో గుహలో దొరికిన అరామిక్ ముక్కలను జె.టి. మిలిక్ గుర్తించినప్పుడు (1976లో పుస్తకంగా వచ్చాయి) రెండు అనువాదాలు వెనక్కి నడవాల్సి వచ్చింది. ఇక్కడ అక్షరాల దూరం లెక్క పని చేయదు, అనువాదంలో పొడవు మారిపోతుంది. ఇక్కడ పట్టు ఇచ్చేవి అనువాదంలో మారనివి: పేర్లు, సంఖ్యలు. భూమి మీదికి దిగిన దేవదూతల జాబితాలో షెమీహజా మొదలైన పేర్లు ఒకే వరుసలో రావడం, చంద్రుడి వృద్ధిక్షయాల భాగంలో భిన్నాల లెక్కలు, ఇవి గుర్తింపును నిలబెట్టాయి. మన తెలుగు బైబిల్ చదివేవాళ్లకు యూదా పత్రిక 14, 15 వచనాలు గుర్తుంటాయి, ఆదాము మొదలుకొని ఏడవవాడైన హనోకు ప్రవచించినట్టు ఉదహరించిన మాటలు అవి. ఆ వాక్యపు అరామిక్ మూలం కొంత భాగం ఈ ముక్కల్లో ఒకదానిలో ఉంది.

హనోకు కథలతో ముడిపడిన ‘రాక్షసుల గ్రంథం’ అనే మరో పాత పుస్తకం కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. మధ్య ఆసియాలో తుర్ఫాన్ ఇసుకలో మాని (3వ శతాబ్దపు పారసీక మత స్థాపకుడు) మతస్థుల గ్రంథాల ముక్కలు దొరికాయి. మధ్య పారసీకం, సోగ్డియన్ వంటి భాషల్లో ఉన్న వాటిని డబ్ల్యూ.బి. హెనింగ్ 1943లో ప్రకటించారు. తర్వాత మిలిక్ కుమ్రాన్ అరామిక్ ముక్కల్లో అవే రాక్షసుల పేర్లు చూశారు. అందులో బాబిలోనియా వీరుడు గిల్గమెష్ పేరు కూడా ఉంది. యూదుల గ్రంథం మాని చేతిలో పడి చైనా సరిహద్దు దాకా ప్రయాణించిందని కొన్ని పేర్లు పట్టించాయి.

అనువాదం నుంచి వెనక్కి నడవడంలో ఒక ప్రమాదం ఉంది, దానికి బెన్ సిరా గ్రంథమే సాక్ష్యం. కతోలిక బైబిల్‌లో ఉండి, మన ప్రొటెస్టెంట్ బైబిల్‌లో లేని సీరాకు గ్రంథం ఇది. గ్రీకు, సిరియాక్‌లలో ఉంది, హీబ్రూ మూలం పోయిందని శతాబ్దాలపాటు అనుకున్నారు. ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే అక్కచెల్లెళ్లు తూర్పు దేశాల నుంచి తెచ్చిన ఒక ఆకును 1896 మే నెలలో కేంబ్రిడ్జ్‌లో సాలమన్ షెక్టర్ చూసి, అది 39, 40 అధ్యాయాల హీబ్రూ పాఠమని గుర్తించారు. దాని వెంటే కైరో యూదుల ప్రార్థనాలయపు గెనీజాకు, అంటే పాత పత్రాల కొట్టుకు వెళ్లారు. అక్కడి నుంచి వచ్చినవి ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో లక్షా తొంభై వేలకు పైనే ఉన్నాయి. అయితే ‘ఇది మూలం కాదు, ఎవరో మధ్యయుగాల్లో సిరియాక్ నుంచి హీబ్రూలోకి తిప్పుకున్నది’ అని వాదించినవాళ్లు అప్పుడే ఉన్నారు. ఆ వాదన సాహిత్య చర్చతో తెగలేదు. 1964లో మృత సముద్రం దగ్గరి మసాదా కోటలో అదే గ్రంథపు హీబ్రూ చుట్ట దొరికాక తెగింది. ఆ కోట క్రీ.శ. 70ల్లో రోమన్లకు పడిపోయింది కనుక అక్కడి చుట్ట మధ్యయుగాలది కావడానికి వీల్లేదు.

ఒకే మాట నాలుగు పుస్తకాల్లో ఉన్నప్పుడు మరో చిక్కు. 2023లో అచ్చయిన ఆక్సిరింకస్ 5575 నంబరు ముక్కలో యేసు మాటలు కొన్ని మత్తయిని, కొన్ని లూకాను, కొన్ని తోమాను పోలి ఉన్నాయి, ఏ ఒక్క గ్రంథానికీ మొత్తంగా కుదరవు. దానికి ఒక పేరు తగిలించకుండా వదిలేయడమే పండితుల నిజాయితీ. అలాంటి ముక్క సంకలనం కావచ్చు, ప్రసంగంలో ఉదాహరణ కావచ్చు, మనకు చేరని సువార్త కావచ్చు.

తేదీ దగ్గర పత్రికలు తరచుగా తప్పటడుగు వేస్తాయి. రాత శైలిని బట్టి కట్టే తేదీ ఒక సంవత్సరం కాదు, యాభై నుంచి వందేళ్ల వ్యవధి. లండన్‌లో ఉన్న ఎగర్టన్ సువార్త (అసలు పేరు తెలియని ఒక సువార్త) ముక్కలను 1935లో రెండో శతాబ్దం మధ్య నాటివన్నారు. 1987లో కొలోన్‌లోని ఒక చిన్న ముక్క అదే ఆకు కింది భాగమని తేలింది. అందులో రెండు హల్లుల మధ్య చిన్న కొక్కెం గుర్తు ఉంది, ఆ అలవాటు క్రీ.శ. 200 ప్రాంతంలో ఎక్కువ. దాంతో చాలామంది తేదీని 200 దగ్గరికి, అంటే ఇంకా తర్వాతి కాలానికి జరిపారు. 2012లో అమెరికాలో ఒక చర్చా వేదిక మీద మొదటి శతాబ్దపు మార్కు ప్రతి దొరికిందని చెప్పారు. 2018లో అది అచ్చయ్యేసరికి రెండో శతాబ్దం చివర, లేక మూడో శతాబ్దం మొదలు. గ్రంథం ఎప్పుడు పుట్టింది, ఈ ప్రతి ఎప్పుడు రాశారు అనే రెండు తేదీలను కలిపేయడం మరో పొరపాటు.

దొంగ ముక్కల సంగతి విడిగా చెప్పాలి. 2012లో ‘యేసు భార్య సువార్త’ అని ప్రపంచమంతా మోగింది. అరచేతిలో పట్టే కోప్టిక్ ముక్క. కార్బన్ పరీక్షలో పాపిరస్ 7 నుంచి 9వ శతాబ్దాల మధ్యదని వచ్చింది, సిరా మసితో చేసింది, అనుమానించడానికి ఏమీ లేదన్నారు. కానీ కార్బన్ పరీక్ష జమ్ము ఎప్పుడు కోశారో చెబుతుంది, కలం ఎప్పుడు పెట్టారో చెప్పదు. ఖాళీ పాత పాపిరస్ అంగట్లో దొరుకుతుంది, మసి సిరా ఎవరైనా చేసుకోవచ్చు. దొంగను పట్టించింది పాఠమే. ఆ వాక్యాలు తోమా సువార్త నుంచి అతుకులు వేసినవి, పైగా 2002లో ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక తోమా పాఠంలోని అచ్చుతప్పు ఇందులోనూ ఉంది. అదే యజమాని దగ్గర నుంచి వచ్చిన యోహాను సువార్త ముక్క ఇంకా స్పష్టంగా దొరికిపోయింది. 1924 నాటి ఒక అచ్చు పుస్తకంలో పంక్తి విడిచి పంక్తి ఎత్తి రాసింది అది. అందులో వాడిన కోప్టిక్ మాండలికం పాపిరస్ తేదీకి కొన్ని శతాబ్దాల ముందే వాడుకలోంచి పోయింది.

వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం తన దగ్గరున్న 16 మృత సముద్ర ముక్కలూ నకిలీవని 2020 మార్చిలో స్వయంగా ప్రకటించింది. ఆ పరీక్షల్లో చూసినవి మన దగ్గరైనా చూడదగ్గవే. మొదటిది పదార్థం: అసలు చుట్టల్లో చాలా వరకు పలచగా సిద్ధం చేసిన చర్మం, ఇవి దాదాపు అన్నీ చెప్పులకు వాడే రకం దళసరి పాత తోలు. రెండోది సిరా: నిజమైన ముక్కలో రాత ముందు, చిరుగు తర్వాత, కనుక చిరుగు అంచు అక్షరాన్ని మధ్యలో కోసేస్తుంది. నకిలీలో సిరా పగుళ్లలోకి దిగి గడ్డకట్టి ఉంటుంది, అంచు దగ్గరకు వచ్చేసరికి అక్షరాలు ఇరుక్కుని వంగుతాయి, మట్టి పెచ్చు మీదుగా కూడా రాత పోతుంది. మూడోది మెరుపు: పాతగా కనిపించడానికి పూసిన జంతు జిగురు. సూక్ష్మదర్శిని కింద ఇవన్నీ కనిపిస్తాయి. పరారుణ కాంతిలో ఫొటో తీస్తే మసి సిరా నల్లగానే ఉంటుంది, ఇనుప సిరా పాలిపోతుంది. కుమ్రాన్ చుట్టల్లో వాడింది ప్రధానంగా మసి సిరా.

నల్ల తోలు మీద బంగారు అక్షరాలు, శిలువ, ఆరు కోణాల నక్షత్రం ఉన్న ‘వెయ్యేళ్ల బైబిల్’ ఫొటోలు హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఊదారంగు చర్మం మీద వెండి, బంగారు సిరాతో రాసిన 6వ శతాబ్దపు సువార్తలు నిజంగానే ఉన్నాయి. కానీ వాటిలో రాత వరుసగా, చదవడానికి వీలుగా సాగుతుంది. ఈ నల్ల తోలు పుస్తకాల్లో అక్షరాలు బొమ్మల్లా ఉంటాయి, వాక్యం ఉండదు. జుమేరాత్ బజార్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే మొదట అడగాల్సింది ధర కాదు, ఇది ఏ దేశం నుంచి, ఏ ఏడాది, ఏ కాగితాలతో బయటికి వచ్చింది అని. అసలుదైతే మరీ ఎక్కువగా అడగాలి. ఆక్సిరింకస్ పాపిరస్‌ల సేకరణ నుంచే ముక్కలు దొంగతనంగా అమ్ముడయ్యాయని వాటి సంరక్షకులైన ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ 2019లో వెల్లడించింది. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువే, ప్రైవేటు వ్యక్తి దాన్ని విదేశాలకు పంపడానికి వీల్లేదు.

ఇళ్లలో నిజంగానే పాత రాతప్రతులు ఉన్నవాళ్లకు ఒక మాట. సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు, ముడతలు తీయడానికి నీళ్లు చల్లవద్దు, ఇస్త్రీ పెట్టవద్దు. ఇస్కరియోతు యూదా సువార్త ఉన్న కోప్టిక్ పుస్తకం 1970ల్లో దొరికినప్పుడు ఎంతో నయంగా ఉంది. అమెరికాలో బ్యాంకు లాకర్లో పదహారేళ్లు మగ్గి, తర్వాత ఒక వ్యాపారి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీయడంతో పొడిపొడి అయింది. నిపుణులు వందల ముక్కలను మళ్లీ కూర్చి, 2006లో ప్రకటించడానికి ఏళ్లు పట్టింది. రెండు వైపులా స్కేలు పక్కన పెట్టి, వాలుగా వెలుతురు పడేలా ఫొటోలు తీయండి, ఆమ్లం లేని కాగితంలో వదులుగా పెట్టి ఉంచండి. రాలిన పొడిలో కూడా అక్షరాలు ఉండవచ్చు కనుక ఊడ్చిపారేయవద్దు. నగరంలోని వేదాంత కళాశాలల్లో గ్రీకు, హీబ్రూ చదివినవాళ్లు ఉన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, తార్నాక ఆర్కైవ్స్‌లో రాతప్రతులను భద్రపరచడం తెలిసినవాళ్లు ఉన్నారు. కొనేవాడికి చూపించే ముందు వాళ్లకు చూపించండి.

మీ పత్రికను మేం కోరేది చిన్నదే. ఇలాంటి వార్త వచ్చినప్పుడు శీర్షిక కింద ఒక పెట్టె కట్టి ఈ సంగతులు ఇవ్వండి: ముక్క కొలత, నిస్సందేహంగా చదివిన అక్షరాల సంఖ్య, పదార్థం, రెండు వైపులా ఏముంది, ఏ గ్రంథంతో, ఏ భాషలోని ప్రతితో పోల్చారు, తేదీ దేన్ని బట్టి కట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, అంతకుముందు ఎక్కడుంది. ఇందులో ఏదైనా విదేశీ వార్తాసంస్థ ఇవ్వకపోతే ‘తెలియరాలేదు’ అని అచ్చువేయండి. కుమ్రాన్ చుట్టల చిత్రాలు 2012 నుంచి లియోన్ లెవీ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా ఉన్నాయి. ముక్క ఫొటో వేసేటప్పుడు పక్కన కొలబద్ద ఉన్న ఫొటోనే ఎంచుకోండి. కత్తిరించి పెద్దది చేస్తే, గోరంత ముక్క పుస్తకమంత కనిపిస్తుంది.

ఇట్లు,
ప్రాచీన రాతప్రతుల అధ్యయనంలో ఉన్న కొందరు పాఠకులు,
తార్నాక, హైదరాబాద్.